మా డేగ పెట్టకు ఆపరేషన్ చేయించినప్పటి సంగతి

కోడి తన జబ్బును దాచుకుంటుంది. నీరసంగా కనిపిస్తే తోటి కోళ్ళే పొడుస్తాయి కాబట్టి నిలబడగలిగినంతసేపు నిలబడుతుంది, మిగతావి నేల గీరుతుంటే తనూ గీరుతుంది, నూకలు చల్లితే అన్నిటితోపాటు పరుగెత్తుకొస్తుంది. ఇంక దాచలేని స్థితి వచ్చాకే మన కంట పడుతుంది. మా డేగ పెట్ట మా కంట పడింది అట్లాంటి ఒక సాయంత్రమే.

మాది తిరుపతిలో తిరుచానూరు వైపు. ఇంటి వెనక కొంచెం జాగా ఉంది. కొబ్బరిచెట్టు, మునగచెట్టు, ఒక మూల గూడు, అందులో నాటుకోళ్ళు. డేగ రంగులో ఉంటుంది కాబట్టి దాన్ని డేగ అనే పిలుస్తాం. రెండుసార్లు పొదిగి పిల్లల్ని లేపింది. మా పాప బడి నుంచి వస్తూనే బ్యాగు పడేసి ముందు దీన్నే వెతుక్కుంటుంది.

ఆయుధపూజ అయిపోయి వానలు పట్టిన రోజులవి. మాకు అసలు వానలు అప్పుడే కదా. పొద్దు వాలేటప్పటికి కోళ్ళన్నీ గూట్లోకి ఎక్కేశాయి, డేగ మాత్రం మునగచెట్టు మొదట్లో ముడుచుకొని నిలబడింది. ఈకలన్నీ ఉబ్బించుకొని, తోక వాల్చేసి, కళ్ళు సగం మూసుకొని ఉంది. దగ్గరికి పోయినా కదల్లేదు. చేతుల్లోకి తీసుకుంటే గుండె ఝల్లుమంది. పైకి ఈకలతో నిండుగా కనిపిస్తోంది గానీ బరువే లేదు. రొమ్ము మధ్యలో ఉండే ఎముక చేతికి పదునుగా తగిలింది. ఆరోగ్యంగా ఉన్న కోడికి ఆ ఎముకకు అటూ ఇటూ కండ నిండుగా ఉంటుంది. మెడ కింద కుడివైపు మేతసంచి దగ్గర పిడికిలంత గట్టి గడ్డ.

మేతసంచి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని చుట్టూనే తిరిగింది. కోడి తిన్న గింజ నేరుగా కడుపులోకి పోదు. ముందు ఈ సంచిలో పడి నానుతుంది, అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా కిందికి దిగి కందనకాయలో రాళ్ళ మధ్య నలుగుతుంది. సాయంత్రం మేత మేసి గూట్లోకి పోయిన కోడికి సంచి నిండుగా, కొంచెం మెత్తగా చేతికి తెలుస్తుంది. రాత్రంతా అది ఖాళీ అవుతూ తెల్లారేసరికి చదునైపోవాలి. కాబట్టి సంచిలో అడ్డం ఉందో లేదో తెలియాలంటే సాయంత్రం చూసి లాభం లేదు. తెల్లవారి, కోడి ఇంకా ఏమీ తినకముందు చూడాలి.

ఆ రాత్రి దాన్ని ఇంట్లోకి తెచ్చేశాను. అట్టపెట్టెలో పాత చీర పరిచి దాంట్లో కూర్చోబెట్టాను. జబ్బు చేసిన కోడికి మందు కంటే ముందు వెచ్చదనం కావాలి. మామూలుగానే దాని ఒంటి వేడి మనకంటే చాలా ఎక్కువ, 41 డిగ్రీల సెల్సియస్ పైమాట. తిండి లోపలికి పోనప్పుడు ఆ వేడిని నిలబెట్టుకోవడానికే ఉన్న శక్తంతా ఖర్చయిపోతుంది. బల్బు పెడదామంటే ఇంట్లో ఉన్నవన్నీ ఎల్‌ఈడీలు. వాటికి వెలుగే గానీ కోడిని వెచ్చబెట్టేంత వేడి ఉండదు. చివరికి మా ఆయన అటక మీద వెతికి పాతకాలపు 60 వాట్ల బల్బు ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని పెట్టెకు ఒక పక్కనే వేలాడదీశాం. ఎక్కువ సెగ తగిలితే అవతలి పక్కకు జరగడానికి కోడికి చోటుండాలి. కరెంటు పోయినప్పుడు వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టాను.

తెల్లారి చూస్తే గడ్డ అట్లే ఉంది. ఒక్క రవ్వ తగ్గలేదు. పెట్టెలో వేసిన రెట్ట పచ్చగా, నీళ్ళ మాదిరిగా ఉంది. తిండి లోపలికి దిగకపోతే పైత్యం ఒక్కటే బయటికొస్తుంది, ఆ పచ్చదనం దానిదే. ముక్కు దగ్గర వాసన చూస్తే పులిసిన పిండి వాసన వచ్చింది.

ఇంట్లో తలా ఒక మాట. మా అత్తమ్మ భయమంతా మిగతా కోళ్ళ గురించి. "తెగులు తగిలుంటాది మ్మా. గూడంతా తుడిచిపెట్టుకుపోతాది, దీన్ని దూరంగా పెట్టండి" అనింది. ఆమె భయం ఉత్తదేమీ కాదు. కొక్కెర తెగులు పల్లెల్లో ఒక్కసారి దిగితే వారంలో గూళ్ళన్నీ ఖాళీ అయిపోతాయి. ఆమె పుట్టింట్లో చిన్నప్పుడు అట్ల జరగడం కళ్ళారా చూసింది. పక్కింటి పెద్దమ్మ ఇంకో మాట చెప్పింది. "రేపో మాపో కార్తీకం పడతాది. పడితే ఇంగ ఎవురూ ముట్టరు. ఇప్పుడే కోసేస్తే కూరకన్నా వస్తాది." మా పాప ఆ మాట విని లోపలికి పోయి తలుపేసుకుంది. నేను పెద్దమ్మకు ఒకటే చెప్పాను: ఎందుకు జబ్బు పడిందో తెలియని కోడిని కోసి తినడం మనకే మంచిది కాదు పెద్దమ్మా అని. అది నిజమే గానీ, తెలిసినా నేను కోయనిచ్చేదాన్ని కాదు.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ, మిరియాలు నూరి మింగించమన్నవాళ్ళు ఉన్నారు. కాళ్ళు పట్టుకొని తలకిందులు చేసి సంచిని పిసికితే ఉన్నదంతా కక్కేస్తుందని ఒకాయన మా ఇంటికే వచ్చి చేసి చూపించబోయాడు. వద్దని గట్టిగా ఆపాను. కోడికి ఊపిరి తీసుకునే రంధ్రం నాలుక వెనకనే, నోట్లోనే కనిపిస్తూ ఉంటుంది. తలకిందులు చేసినప్పుడు సంచిలోని పులిసిన నీళ్ళు ఆ రంధ్రంలోకి దిగితే అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. ఈ పని చాలామంది మంచి చేస్తున్నామనుకునే చేస్తారు. దయచేసి ఎవరూ చేయకండి.

నేను చేసింది ఇది. సూది తీసేసిన సిరంజిలో గోరువెచ్చని నీళ్ళు, దాంట్లో రెండు మూడు చుక్కల కొబ్బరినూనె. కోడిని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకొని, తల పైకే ఉంచి, నోటి పక్కనుంచి ఒక్కో చుక్క వదులుతూ, అది మింగిన తర్వాతే ఇంకో చుక్క. ఆ తర్వాత వేళ్ళ కొసలతో గడ్డను మెల్లగా మర్దన చేయడం. సంచిలో ఉన్నది ఎండు గింజలో, పిండి ముద్దో అయితే ఇట్లా రెండు మూడు పూటలు చేసేసరికి మెత్తబడి దిగుతుంది. డేగ సంచిలోది మెత్తబడలేదు. నొక్కుతుంటే లోపల ఏదో చుట్టలు చుట్టుకొని ఉన్నట్టు వేళ్ళకు తెలుస్తోంది.

దగ్గర్లో ఒక చోట చూపిస్తే, కోడిని పెట్టెలోంచి బయటికి తీయకుండానే నీళ్ళల్లో కలిపే పొడి రాసిచ్చారు. "ఒక్క కోడికోసం వచ్చారా" అన్న మాట నాకు బాగా గుచ్చుకుంది. ఒక్క కోడైతే ఏం? ఆ పొడి ఇచ్చినా లోపలికి దిగే దారి ఉంటే కదా.

మరుసటి రోజు పొద్దున్నే వెటర్నరీ కాలేజీకి తీసుకుపోదామని మా ఆయనే అన్నాడు. తిరుపతిలో పుట్టి పెరిగిన మాకు అది కొత్త కాదు. 1955 నుంచి ఉన్న కాలేజీ, 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి వచ్చింది. మా నాయన ఆవుల్ని తోలుకొని పోయేవాడు. కోడిని తీసుకుపోవడం మాత్రం మా ఇంట్లో ఇదే మొదలు. మా అబ్బోడు బండి మీద వెనక కూర్చొని పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు, పైన గుడ్డ కప్పి గాలి ఆడేలా ఒక పక్క వదిలేశాం. చీకటిగా ఉంటే కోడి బెదరదు.

అక్కడ కుక్కలు, ఒక మేక, కాలికి కట్టు కట్టిన లేగదూడ, ఇంకా ఏవేవో. మా పెట్టెలోంచి కోడి తల బయటికి రాగానే కొంతమంది నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు. చీటీ చూసి మొదట అడిగిన ప్రశ్నలే నాకు నమ్మకం కలిగించాయి. ఇంట్లో ఎన్ని కోళ్ళున్నాయి, ఈమధ్య ఏవైనా చచ్చిపోయాయా, మిగతావి మేస్తున్నాయా, కొక్కెర తెగులు టీకా వేయించారా, ఇది మెడ తిప్పుతోందా, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోందా, కాళ్ళు రెక్కలు పడిపోయాయా? 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలో, ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది కాబట్టి, కోడి అనగానే వాళ్ళు ముందు మందకు అంటుకునే జబ్బా కాదా అన్నదే తేల్చుకుంటారు. ఒకేసారి చాలా కోళ్ళు చనిపోతే వాటిని ముట్టుకోకుండా, పారేయకుండా, పశుసంవర్ధక శాఖవాళ్ళకు చెప్పాలని కూడా అప్పుడే చెప్పారు. మా మిగతా కోళ్ళన్నీ బాగున్నాయి. డేగకు తెగులు లక్షణాలు ఏవీ లేవు.

ఆ తర్వాత చేత్తో చూశారు. రొమ్ము ఎముక తడిమారు, నోరు తెరిచి లోపల తెల్లటి పొర ఏమైనా ఉందేమోనని చూశారు, సంచిని రెండు వేళ్ళ మధ్య పట్టుకొని మెల్లగా కదిలించారు. థర్మామీటర్ 106 ఫారన్‌హీట్ చూపిస్తే నేను హడలిపోయాను. "ఇది జ్వరం కాదమ్మా, కోడికి ఇది మామూలే" అన్నారు. "లోపల నారలాంటిది ఏదో చుట్టుకుంది. మందులతో దిగదు. కోసి తీయాలి. ఇప్పటికే బాగా చిక్కిపోయింది, బల్ల మీదే పోవచ్చు కూడా. మీరు ఆలోచించుకొని చెప్పండి."

మేమిద్దరం వరండాలోకి వచ్చి నిలబడ్డాం. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. ఊరికే వదిలేస్తే ఆకలితో చస్తుంది, అది ఖాయం. కోస్తే బతకొచ్చు. ఇంక ఆలోచించడానికి ఏముంది? లోపలికి పోయి చేయండి సార్ అన్నాను.

ముందు చర్మం కింద కొంచెం సెలైన్ ఎక్కించి, కాసేపు వెచ్చగా ఉంచారు. ఆపరేషన్ చూడనిస్తారని నేను అనుకోలేదు. చుట్టూ చదువుకునే పిల్లలు నిలబడితే, నన్ను కూడా ఒక పక్కన నిలబడనిచ్చారు. సంచి మీది ఈకలు కొన్ని పీకి, మందుతో తుడిచి, ఆ చోటు వరకే తిమ్మిరెక్కేలా సూది వేశారు. పక్షులకు ఆ మందు కొంచెం ఎక్కువైనా ముప్పేనట, అందుకే బరువు తూచి, పలచన చేసి ఇచ్చారు. కోడిని పట్టుకున్న అబ్బాయికి డాక్టరుగారు పదేపదే ఒకటే చెప్తున్నారు: రొమ్ము మీద నొక్కొద్దు, నొక్కొద్దు అని. మనకు ఉన్నట్టు ఊపిరి ఆడించే పొర కోడికి లేదు. రొమ్ము ఎముక పైకీ కిందికీ కదిలితేనే దానికి గాలి ఆడేది. గట్టిగా పట్టుకున్నామంటే ముక్కు మూయకుండానే ఊపిరి ఆపేసినట్టు. ఇంట్లో మందు పోసేటప్పుడు మనం భయంతో బిగించి పట్టుకుంటాం కదా, ఆ మాట అప్పట్నుంచి నాకు బాగా గుర్తుండిపోయింది.

తల ఎత్తుగా ఉంచి, రక్తనాళాలు లేని చోటు చూసుకొని ముందు చర్మాన్ని, తర్వాత సంచిని కోశారు. సంచి గోడ ఎంత పలచగా ఉందంటే వెలుతురు అవతలికి కనిపిస్తుందేమో అనిపించింది. ఆ పులిసిన వాసన గదంతా కొట్టింది. ఫోర్సెప్స్‌తో పట్టి లాగితే ఒక చుట్ట వచ్చింది, లాగుతుంటే ఇంకా వస్తూనే ఉంది. ట్రేలో పెట్టి విప్పి చూపించారు. అరటినార. పూలదండలు కట్టే నార. దానికి అక్కడక్కడా నల్లబడిన బంతిపూల రెక్కలు, ఒక చోట దండ మధ్యలో వేసే జరీ పోగు, వాటి చుట్టూ గడ్డిపరకలు, నానిపోయిన నూకలు ముద్ద కట్టుకొని ఉన్నాయి. ఆయుధపూజకు బండ్లకు, మిషన్‌కు, ఇంటి గుమ్మానికి వేసిన దండలు వాడిపోయాక ఊరంతా చేసినట్టే కొబ్బరిచెట్టు మొదట్లో వేశారు. కోళ్ళకు బంతిరెక్కలంటే ఇష్టం. రెక్కతోపాటు నార కొస నోట్లోకి పోతే కోడి దాన్ని కొరికి తెంచలేదు, వెనక్కి ఉమ్మలేదు, మింగుకుంటూ పోవాల్సిందే. డాక్టరుగారు ఇలాంటిదే కొబ్బరిపీచుతో, గోనెసంచి దారంతో, పొడవాటి గడ్డితో కూడా జరుగుతుందన్నారు.

సంచిని సెలైన్‌తో కడిగి, లోపలి పొరకు కరిగిపోయే దారంతో కుట్లు వేశారు, పైన చర్మానికి విడిగా వేశారు. రెండూ కలిపి కుడితే తిన్నది చర్మం కిందికి కారే ప్రమాదం ఉందట. అంతా అయ్యాక డేగ కళ్ళు తెరిచి తల ఒకసారి విదిలించింది. కుట్లు వేసిన ఒక పిల్ల, ఇంకా చదువుకుంటోంది, "బాగుందమ్మా" అని నా వైపు చూసి చెప్పింది. నాకు మాట రాలేదు.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. కొత్త కుట్ల మీద బరువు పడకూడదు, అట్లని ఆకలితో ఉంచకూడదు. మొదట గ్లూకోజ్ కలిపిన నీళ్ళు మాత్రమే, కొంచెం కొంచెంగా. ఆ తర్వాత పలచటి రాగిజావ. ఉప్పు లేకుండా, ఉండలు లేకుండా వడగట్టి, గోరువెచ్చగా. అది నిలబడ్డాక ఉడికించిన కోడిగుడ్డు సొన మెదిపి జావలో కలిపాను. కోడికి గుడ్డు పెడతావా అని పాప అడిగింది గానీ, దానికి అంతకంటే తేలిగ్గా అరిగే బలమైన తిండి ఇంకోటి లేదు. ఒక్కసారి పెట్టేది రెండు మూడు చెంచాలే, కానీ పగలంతా పెడుతూ ఉండాలి. గింజలు, గడ్డి, ఇసుక ఏవీ అందకూడదు. కుట్లు మానేదాకా ఒక్క నూక కూడా వేయొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. పూటపూటకూ యాంటీబయాటిక్ చుక్కలు. ఆ మందు వాడుతున్నన్నాళ్ళూ, ఆపేసిన తర్వాత వాళ్ళు చెప్పిన గడువు దాకా గుడ్డు పెట్టినా మనం తినకూడదు.

రెట్టను ఇంత శ్రద్ధగా చూసే రోజు వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. పొద్దున లేస్తూనే పెట్టె కింద పరిచిన పేపరు తీసి వెలుతురులో చూసేదాన్ని. మొదట్లో అదే పచ్చ నీళ్ళు. తర్వాత జావ రంగు కొంచెం కలిసింది. ఒకరోజు తెల్లవారుజామున చూస్తే ముదురు గోధుమ రంగులో, గట్టిగా, పైన తెల్లటి సున్నం పెట్టినట్టు చక్కటి రెట్ట. ఆ తెలుపు కోడి మూత్రమే. మూత్రపిండాలు పనిచేస్తున్నాయని, తిన్నది అరుగుతోందని ఒక్క చూపులో తెలిసిపోతుంది. పరుగెత్తుకుపోయి మా అత్తమ్మకు చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని వంగి చూసి, "ఇంగ బతికింది పో" అనింది. ఆ పొద్దు సంచి మీద చెయ్యి పెడితే ఖాళీగా, చదునుగా ఉంది.

కోడిని మంద నుంచి చాలాకాలం విడదీస్తే మిగతావి తిరిగి రానివ్వవు, కొత్తదాన్ని పొడిచినట్టు పొడుస్తాయి. ఆ ఎర్రటి కుట్లు కంటబడితే ఇంకా ఘోరం. అందుకని కొంచెం కోలుకోగానే పగలు వాన లేనప్పుడు దాన్ని పెరట్లో గంప కింద పెట్టాను. మిగతావాటికి కనిపిస్తుంది, అవి దీనికి కనిపిస్తాయి, పొడవడానికి అందదు. కుట్లు మాని ఈకలు మొలవడం మొదలయ్యాక ఒక రాత్రి చీకటి పడ్డాక గూట్లో అన్నిటి మధ్య కూర్చోబెట్టాను. తెల్లారి బయటికి వస్తుంటే పెద్ద పెట్ట ఒక పోటు పొడిచింది గానీ అంతటితో వదిలేసింది.

మిగతా కోళ్ళకన్నిటికీ కొక్కెర తెగులు టీకా వేయించాం. పిల్లలకు మొదటి వారంలోనే కంట్లోనో ముక్కులోనో చుక్క వేస్తారు, రెండు నెలలు దాటాక సూది వేస్తారు. పశువుల ఆసుపత్రిలో ముందుగా అడిగి పెట్టుకుంటే, ఆ వీధిలో కోళ్ళున్నవాళ్ళంతా కలిసి వేయించుకోవచ్చు. టీకా సీసా ఒకసారి కలిపితే దాచుకోవడానికి ఉండదు కాబట్టి, ఒక్క ఇంటికోసం విప్పాలంటే వాళ్ళూ వెనకాడతారు. ఆసుపత్రికి తీసుకుపోయే వీలు లేనివాళ్ళు 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ సేవ ఉంది. ఆవులకే కదా అని చాలామంది ఊరుకుంటారు, కోళ్ళున్నవాళ్ళు కూడా అడగండి.

దండలు ఇప్పుడు మా ఇంట్లో పూలు తెంపి విడిగా వేస్తాం, నార కత్తిరించి చెత్తబుట్టలోకి పోతుంది. మా వీధిలో ఇంకో రెండిళ్ళవాళ్ళు కూడా అట్లే చేస్తున్నారు.

డేగ సంచి మాత్రం మునుపటిలా పూర్తిగా బిగుసుకోలేదు. అన్నాళ్ళు సాగి ఉండడం వల్ల కొంచెం వేలాడుతుంది. అట్లే ఉండిపోవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. అందుకే సాయంత్రం దానికి గింజ తక్కువ, నానబెట్టిన తవుడు ఎక్కువ పెడుతున్నాను. తెల్లారి గూడు తలుపు తీయగానే ముందు దాన్నే పట్టుకొని మెడ కింద తడిమి చూసి, ఖాళీగా ఉంటేనే కిందికి వదులుతున్నాను.